షరతుల పేజీలో జోకు దాచే ముందు: సంస్థలకు ఒక బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో వెబ్‌సైట్లు, యాప్‌లు నడిపే సంస్థల లీగల్, ప్రోడక్ట్, కంటెంట్ బృందాలకు,

నమస్కారం.

'నిబంధనలు, షరతులు' అని అడుగున చిన్న అక్షరాల్లో ఉండే పేజీలు రాయడం, వాటిని తెలుగులోకి తేవడం, విడుదలకు ముందు సరిచూడడం మా పని. ఆ పేజీల మధ్యలో ఎక్కడో ఒక సరదా వాక్యం ఇరికించి, 'ఎవరైనా చదువుతారేమో చూద్దాం' అనుకోవడం మన వృత్తిలో పాత అలవాటే. దాన్ని మానేయమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఎక్కడ పెట్టాలో, ఎలా పెట్టాలో, ఫలితం వచ్చాక ఏం చేయాలో తెలుసుకుని పెట్టమని అడుగుతున్నాం. డేటా రక్షణ చట్టం వల్ల మీరంతా ఇప్పుడు తెలుగు నోటీసులు కొత్తగా రాయించుకుంటున్నారు. చెప్పాల్సింది చెప్పడానికి ఇదే అదను.

ఈ అలవాటుకు పేరు తెచ్చిన సంస్థ బ్రిటన్‌లో వీడియో గేములు అమ్మిన గేమ్‌స్టేషన్. 2010 ఏప్రిల్ 1న అది తన సైటు షరతుల్లో ఒక క్లాజు చేర్చింది. ఆ రోజు ఆర్డరు పెట్టినవాళ్లు తమ ఆత్మను ఎప్పటికైనా తీసుకునే హక్కును కంపెనీకి రాసిచ్చినట్టే. కంపెనీ అడిగిన 5 పనిదినాల్లో ఆత్మను అప్పగించాలి. నోటీసును ఆరడుగుల ఎత్తున్న అగ్ని అక్షరాల్లో కూడా పంపవచ్చు. వద్దనుకునేవాళ్లకు ఒక టిక్కు గడి కూడా పెట్టారు, టిక్కు పెట్టినవాళ్లకు 5 పౌండ్ల వోచరు ఇచ్చారు. దాదాపు 7,500 మంది ఆత్మ రాసిచ్చేశారు. టిక్కు పెట్టనివాళ్లు 88 శాతమని కంపెనీయే లెక్క చెప్పింది. ఆత్మలేవీ తమకు అక్కర్లేదని తర్వాత ప్రకటించింది.

ఏడేళ్ల తర్వాత మాంచెస్టర్‌కు చెందిన వైఫై సంస్థ పర్పుల్ ఇంకా పెద్ద ఎత్తున ఇదే పని చేసింది. 2017లో రెండు వారాల పాటు, ఉచిత వైఫై వాడుకునేవాళ్లు 1,000 గంటల సమాజసేవ చేయాలని తన షరతుల్లో రాసింది. ఆ సేవలు ఏమిటంటే ఉత్సవాల దగ్గర పెట్టే తాత్కాలిక మరుగుదొడ్లు కడగడం, వీధికుక్కల్ని కౌగిలించుకోవడం, రోడ్ల మీద అంటుకున్న చూయింగ్ గమ్ గీకడం, నత్తల చిప్పలకు రంగులు వేయడం. 22,000 మందికి పైగా 'సరే' నొక్కారు. కనిపెట్టి బహుమతి అడిగింది ఒక్కరే.

ఇవి కంపెనీలు ప్రచారం కోసం చేసిన పనులు కదా, నమ్మొచ్చా అని మీరు అడగొచ్చు. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 2016లో ప్రకటించిన అధ్యయనం చూడండి. లేని సోషల్ మీడియా సైటు ఒకటి సృష్టించి 543 మంది విద్యార్థులను చేరమన్నారు. సేవకు ఫీజుగా తొలి సంతానాన్ని ఇవ్వాలని షరతుల్లో రాశారు. ఆ పత్రం చదవడానికి 15 నిమిషాలకు తక్కువ పట్టదు. వాళ్లు సగటున వెచ్చించింది 51 సెకన్లు. 98 శాతం మందికి ఆ షరతు కంటపడనే లేదు.

ఈ కథలన్నీ చెప్పుకున్నాక అందరూ తేల్చేది 'జనం చదవరు' అని. మా అభిప్రాయంలో తప్పు అక్కడే మొదలవుతోంది. 22,000 మందిలో ఒక్కరే చదివిన పత్రం అంటే చదివించడానికి రాయని పత్రమని అర్థం. పైగా ఆ లెక్క ఇప్పుడు మన దేశంలో మీకే ఎదురు సాక్ష్యం అవుతుంది.

ఎలాగో చెబుతాం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లోని 6వ సెక్షన్ ప్రకారం, మనిషి ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, బేషరతుగా, సందేహానికి తావు లేకుండా ఇచ్చిందై ఉండాలి. రేపు వివాదం వస్తే, నోటీసు ఇచ్చామనీ సమ్మతి చట్టప్రకారమే తీసుకున్నామనీ నిరూపించాల్సిన బాధ్యత అదే సెక్షన్ మీ మీద పెట్టింది. సమ్మతి తీసుకునే పాఠంలోనే మీరు ఒక వింత షరతు దాచి, వేలమంది దాన్ని గమనించకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కారనుకోండి. ఆ సంగతిని మీ మార్కెటింగ్ విభాగం గొప్పగా ప్రకటించిందనుకోండి. మీ దగ్గరున్న సమ్మతులు విషయం తెలిసి ఇచ్చినవి కావని మీ నోటితో మీరే చెప్పినట్టు. మిగతా షరతుల్ని మాత్రం వాళ్లు చదివి ఒప్పుకున్నారని ఆ తర్వాత, ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా రక్షణ బోర్డు ముందు ఏ ముఖం పెట్టుకుని వాదిస్తారు?

కాబట్టి మొదటి విన్నపం: వ్యక్తిగత డేటా నోటీసులో జోకు వద్దే వద్దు. ఆ నోటీసు మిగతా సమాచారంతో పని లేకుండా, దానంతట అదే అర్థమయ్యేలా, తేలిక మాటల్లో ఉండాలని 2025 నవంబరులో ఆ చట్టం కింద వెలువడిన నియమాలు అంటున్నాయి. ఏ డేటా తీసుకుంటున్నారో వివరంగా రాయాలి, ఎందుకో రాయాలి. ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది. ఈ నియమం వెలువడిన 18 నెలల తర్వాత అమల్లోకి వస్తుంది, అంటే 2027 మే దాకా మీకు సమయం ఉంది. జోకుకు చోటు ఇస్తే సేవా షరతుల పేజీలో ఇవ్వండి. అక్కడ కూడా బాధ్యతలూ హక్కులూ చెప్పే క్లాజుల్లో పెట్టకండి.

క్లాజులో పెడితే ఏమవుతుందో సాఫ్ట్‌వేర్ రంగం ఒకసారి గట్టిగానే నేర్చుకుంది. ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే జేసన్ పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన కోడు లైసెన్సులో ఒక వాక్యం చేర్చారు: ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు. చదవగానే నవ్వొస్తుంది, మనసుకు బాగుంటుంది కూడా. కానీ లైసెన్సులో ఉన్నది ప్రతిదీ షరతే. ఏది మంచో ఎవరు తేలుస్తారు? ఆయుధ కర్మాగారానికి కోడు అమ్మే కంపెనీ దాన్ని వాడొచ్చా? ఫలానా పనికి వాడకూడదు అనే ఆంక్ష ఉంటే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా ఏ పనికైనా వాడుకోగలిగేది) కాదని లినక్స్‌ను ఉచితంగా అందించే డెబియన్, ఫెడోరా ప్రాజెక్టులు దాన్ని పక్కన పెట్టాయి. ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపే అపాచీ ఫౌండేషన్ 2016లో ఆ లైసెన్సును తన ప్రాజెక్టుల్లో వాడకూడనివాటి జాబితాలో చేర్చింది. ఫలితంగా ఎన్నో ప్రాజెక్టులు బాగా నడుస్తున్న కోడును తీసేసి అదే పని చేసే ఇంకో కోడు వెతుక్కోవాల్సి వచ్చింది. ఐబీఎం లాయర్లు అడిగితే, వాళ్లకూ వాళ్ల కస్టమర్లకూ 'చెడుకు వాడుకునే' ప్రత్యేక అనుమతి రాసిచ్చానని క్రాక్‌ఫర్డే ఒక ప్రసంగంలో చెప్పారు. ఒక్క వాక్యం వల్ల ఎందరి సమయం ఖర్చయిందో చూడండి.

మన చట్టాల్లోనూ చిక్కులున్నాయి. అర్థం స్పష్టంగా లేని ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 'అన్యాయమైన ఒప్పందం' అంటే ఏమిటో నిర్వచించింది. అలాంటి షరతు చెల్లదని రాష్ట్ర కమిషన్ ప్రకటించవచ్చు. 'ఒక క్లాజు చెల్లకపోయినా మిగతావి చెల్లుతాయి' అనే వాక్యం మీ పత్రం చివర్లో ఉండే ఉంటుంది. కోర్టులో అది మిమ్మల్ని కాపాడవచ్చు. మీ పత్రం మీద కస్టమరుకు పోయిన నమ్మకాన్ని మాత్రం తిరిగి తేలేదు.

భారం మోపే జోకుకూ, భారం దించే జోకుకూ చాలా తేడా ఉంది. అమెజాన్ 2016లో విడుదల చేసిన లంబర్‌యార్డ్ గేమ్ ఇంజిన్ షరతుల్లో 57.10 క్లాజు రెండో రకానికి మంచి ఉదాహరణ. వైద్య పరికరాలు, అణు కేంద్రాలు, మనుషులు వెళ్లే అంతరిక్ష నౌకల వంటి ప్రాణాలతో ముడిపడ్డ వ్యవస్థల్లో దీన్ని వాడకూడదని మొదట సీరియస్‌గానే చెప్పింది. ఆ వెంటనే ఒక మినహాయింపు ఇచ్చింది. కాటు వల్ల సోకే వైరస్‌తో శవాలు లేచి మనుషుల్ని తినడం మొదలుపెట్టి, నాగరికత కూలిపోయే పరిస్థితి వచ్చిందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ధ్రువీకరిస్తే ఈ ఆంక్ష వర్తించదట. చదివినవాళ్లకు నవ్వు మిగిలింది, చదవనివాళ్లకు నష్టమేమీ లేదు. పైగా ఆ నవ్వు వల్ల దాని పక్కనున్న అసలు ఆంక్ష వేలమంది కంటపడింది. జోకు రాయాల్సిన తీరు అదీ.

ఇంకా మేలైనది బహుమతి వాక్యం. పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ 2005లో తన లైసెన్సులో, ఫలానా చిరునామాకు రాస్తే డబ్బు రూపంలో కూడా ఏదో ఒకటి ఇవ్వొచ్చని ఒక మాట చేర్చింది. 3,000 డౌన్‌లోడ్లు దాటి, నాలుగు నెలలు గడిచాక గానీ ఒకరు రాయలేదు. ఆ ఒక్కరికీ 1,000 డాలర్లు ఇచ్చారు. 2019లో స్క్వేర్‌మౌత్ అనే ప్రయాణ బీమా సంస్థ పాలసీ పత్రంలో 10,000 డాలర్ల బహుమతి దాచితే 23 గంటల్లోనే జార్జియా రాష్ట్రంలోని ఒక టీచర్ పట్టేశారు. అంటే చదివేవాళ్లు లేకపోలేదు.

మీ పత్రాన్ని ఎవరైనా చదువుతున్నారో లేదో తేల్చే పరీక్షగా మీరూ ఇలాంటి బహుమతి పేరా పెట్టదలిస్తే ఇలా పెట్టండి. పేరాకు క్లాజు నంబరు ఇవ్వకండి. మొదటి తెరలో గానీ చివరి తెరలో గానీ పెట్టకండి. చాలామంది ఆ రెండే చూస్తారు కాబట్టి లెక్క తప్పుతుంది. పత్రంలో మూడింట రెండొంతులు అయ్యాక, డబ్బు వాపసు గురించో ఖాతా మూసివేత గురించో చెప్పే భాగానికి ఆనుకుని పెట్టండి. వాక్యాలు ఇలా ఉండొచ్చు:

'ఇక్కడిదాకా చదివినందుకు కృతజ్ఞతలు. ఆత్రేయపురం పూతరేకు పొరలు విప్పినంత ఓపిక మీది. ఈ పేరా ఒప్పందంలో భాగం కాదు, దీనివల్ల మీ మీద ఏ బాధ్యతా పడదు. యాప్‌లో ఆఫర్ కోడ్ గడిలో 481906 కొడితే 100 రూపాయలు మీ ఖాతాకు జమవుతాయి. సెప్టెంబరు 30 వరకు, మొదటి 200 మందికి.'

ఇందులో ప్రతి ముక్కకూ కారణం ఉంది. కోడు అంకెల్లో ఎందుకంటే తెలుగు కీబోర్డు లేని ఫోన్లు చాలా ఉన్నాయి. ఆరంకెలు ఎందుకంటే నాలుగంకెల కోడును వరసగా కొట్టి చూసేవాళ్లుంటారు. నొక్కితే చాలనే లింకు పెట్టకండి. సెర్చ్ ఇంజిన్ల బాట్లు (సైట్లను వాటంతటవే తెరిచి చూసే ప్రోగ్రాములు) కూడా ఆ లింకు తెరుస్తాయి, ఎవరు చదివి వచ్చారో తేలదు. 200 మంది, 100 రూపాయలు అంటే ఖర్చు 20,000 దాటదు, మీ ఫైనాన్స్ విభాగం ముందే ఒప్పుకోగలదు. లాటరీ తీయకండి. వ్యాపార ప్రచారం కోసం లాటరీలు పెట్టడం వినియోగదారుల చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందికి రావచ్చు. నిజం పూతరేకుల పెట్టెలే పంపుదామని ఎవరైనా ఉత్సాహపడితే ఒక్క క్షణం ఆగండి. ఇంటి చిరునామా అడగాలి, అది కొత్త వ్యక్తిగత డేటా, దానికి మళ్లీ నోటీసు కావాలి. ఖాతాలో జమచేస్తే ఆ గొడవ లేదు.

కోడు బయటకు పొక్కడం ఖాయం. రోజుకు ఒకటీ అరా వస్తున్నవి ఒకే గంటలో పదుల్లోకి వెళ్లాయంటే ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారని అర్థం. అప్పటివరకు వచ్చినవే పరీక్ష లెక్కలోకి తీసుకోండి. కానీ బహుమతిని మాత్రం మాటిచ్చినట్టు 200 మందికీ ఇవ్వండి.

కోడు వాడినవాళ్ల సంఖ్య ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. పేరూ నంబరూ నమోదు చేయకుండా మరో మూడు అంకెలు లెక్కపెట్టండి: 'అంగీకరిస్తున్నాను' నొక్కినవాళ్లు, షరతుల పేజీ తెరిచినవాళ్లు, ఆ పేరా తెర మీద కనిపించేదాకా వెళ్లినవాళ్లు. 10,000 మంది నొక్కితే పేజీ తెరిచింది 100 మందే అనుకుందాం. లోపం పత్రంలో కాదు, లింకులో ఉంది. బటన్ కింద బూడిద రంగులో, గోరంత అక్షరాల్లో దాక్కుని ఉంటుంది. అదే 4,000 మంది తెరిచి 40 మందే పేరా దాకా వెళ్తే, మొదటి తెరే వాళ్లను తరిమేసింది. 400 మంది వెళ్లినా ముగ్గురే కోడు వాడితే, వాళ్లు చదవలేదు, వేలితో తోసుకుంటూ పోయారు. రోగం ఒక్కోచోట ఒక్కోటి, మందూ వేరే.

పేరాను నిజంగా దాచేయకండి. తెల్ల నేల మీద తెల్ల అక్షరాలు, సున్నా సైజు అక్షరాలు, కోడు లోపల కామెంట్లు పెడితే కళ్లున్నవాళ్లకు కనిపించవు. తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటిలో కొన్నింటిని చూపులేనివాళ్లకు పైకి చదివేస్తుంది, వాళ్లు తికమకపడతారు. సెర్చ్ ఇంజిన్లు దాచిన పాఠాన్ని మోసంగా లెక్కేస్తాయి. మిగతా పాఠం ఏ సైజులో, ఏ రంగులో ఉందో ఇదీ అలాగే ఉండాలి. తెలుగు విషయంలో ఇంకో జాగ్రత్త. ఇంగ్లిష్ పేజీకి సరిపోయిన 12 పిక్సెళ్ల అక్షరం, ఇరుకు వరసలు తెలుగుకు సరిపోవు. పై వరసలోని వొత్తులు కింది వరసలోని గుడులకు తగులుతాయి. అక్షరం 16 పిక్సెళ్లు, వరస ఎత్తు అక్షరానికి కనీసం 1.6 రెట్లు, అక్షరానికీ నేలకూ రంగు తేడా 4.5కు 1 నిష్పత్తికి తగ్గకుండా పెట్టించండి. పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ పెట్టొద్దు. అందులో వెతకడం కుదరదు, కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోతాయి.

ఊరికే నవ్వించాలన్న కోరికే ఉంటే అందుకు వేరే చోట్లున్నాయి. పేజీ దొరకనప్పుడు వచ్చే 404 తెర ఉంది. సైటు చేసినవాళ్ల పేర్లు రాసుకునే హ్యూమన్స్ ఫైలు ఉంది. 1998 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం కాఫీ మరిగించే పరికరాల కోసమని సరదా ప్రమాణం ఒకటి వెలువరించింది. అందులోని 418 అనే ఎర్రర్ కోడుకు అర్థం 'నేను టీపాట్‌ని, కాఫీ కాయలేను' అని. దాన్ని తీసేద్దామని 2017లో ప్రతిపాదన వస్తే ప్రోగ్రామర్లు పట్టుబట్టి ఆపారు. ఇవాళ్టికీ ఆ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టే ఉంచారు. అక్కడ ఎంత నవ్వించినా ఎవరి హక్కూ పోదు.

ఇక అసలు పని. పరీక్షలో పత్రం ఓడిపోతే తిరగరాయాలి. మేం తరచూ సరిదిద్దే తరహా వాక్యం ఇది: 'సేవల యొక్క ఉపయోగము ద్వారా మీరు మీ యొక్క పరికరములో నిల్వ చేయబడిన సంప్రదింపులకు ప్రాప్యతను మాకు అందించుటకు సమ్మతించుచున్నారు.' యంత్రం చేసిన అనువాదం ఇలాగే వస్తుంది. దీన్ని పెట్టిన పేజీలో అయిదు వందల రూపాయల నోటు దాచినా ఎవరికీ దొరకదు. తిరగరాస్తే: 'మీ ఫోన్‌లో దాచుకున్న పేర్లు, నంబర్లు మేం చూస్తాం. ఎందుకంటే, మీ స్నేహితుల్లో ఎవరు ఈ యాప్ వాడుతున్నారో చూపడానికి. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ ఆపేయండి. మిగతా సేవలు ఆగవు.' నాలుగు చిన్న వాక్యాలు: ఏమిటి, ఎందుకు, ఎలా ఆపాలి, ఆపితే ఏమవుతుంది. ప్రతి క్లాజునూ ఈ నాలుగు ప్రశ్నలతో సరిచూడండి. తర్వాత మీ ఆఫీసుతో సంబంధం లేని అయిదుగురికి ఫోన్‌లోనే చూపించి అవే నాలుగు ప్రశ్నలు అడగండి. అయిదుగురిలో ఇద్దరు తడబడినా ఆ క్లాజు మళ్లీ రాయాల్సిందే.

కాంటాక్టుల క్లాజునే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. అప్పు యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని, బాకీ పేరుతో బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీసిన ఉదంతాలు 2020 నుంచీ రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. కొందరు బాధితులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ యాప్‌లకు దారి తెరిచింది చూడకుండా నొక్కిన ఒక్క 'అనుమతించు' బటనే. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పు యాప్‌లు కాంటాక్టులు, కాల్ జాబితా, ఫైళ్లు ముట్టుకోకూడదని ఆదేశించింది. 2024 అక్టోబరు నుంచి రుణం ముఖ్య వివరాల పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అందులో చెప్పని ఛార్జీని వాళ్ల అనుమతి లేకుండా వేయకూడదని కూడా చెప్పింది. డేటా చట్టంలోని ఉదాహరణ కూడా ఇలాంటిదే: వైద్య సలహా యాప్‌కు కాంటాక్టుల జాబితా అక్కర్లేదు, కాబట్టి 'సరే' నొక్కినా ఆ మేరకు సమ్మతి లెక్కలోకి రాదు. మీరు నవ్వించడానికి రాసే పేరాకూ ఇలాంటి క్లాజుకూ మధ్య దూరం నాలుగు వరసలే. జోకును పట్టుకోగలిగిన మనిషి దీన్నీ పట్టుకోగలగాలి.

పరీక్ష ముగిసిన రోజున ఆ పేరా తీసేయండి. పాత ప్రతులూ టెంప్లేట్లూ అన్నీ వెతకండి. షరతుల పత్రాలు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కాపీ అవుతూనే ఉంటాయి, మీ పేరా వేరేవాళ్ల సైటులో మీ కోడుతో సహా తేలుతుంది. పత్రానికి కొత్త వెర్షన్ నంబరూ తేదీ వేయండి, పాత వెర్షన్‌ను కూడా చదువుకునేలా అదే పేజీలో ఉంచండి. దాని పక్కనే ఎంతమంది నొక్కారో, ఎంతమంది తెరిచారో, ఎంతమంది పేరా దాకా వచ్చారో, ఆ లెక్క చూసి మీరు ఏ క్లాజులు తిరగరాశారో నాలుగు వరసల్లో తెలుగులో ప్రకటించండి.

ఇట్లు,
షరతుల పత్రాలు రాసే, తెలుగులోకి తెచ్చే, సరిచూసే పనిలో ఉన్న కొందరం